ఇంగ్లీష్‌లో ‘రేపు’ ఎలా నేర్పాలి

సాయంత్రం బ్యాచ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేస్తున్నారు. ఒకడు రెండోవాణ్ణి తిండి అలవాట్ల గురించి అడిగాడు. ‘ఐ వోంట్ ఈట్ నాన్‌వెజ్’ అన్నాడు రెండోవాడు, ఎంతో మర్యాదగా. పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాళ్ళు ఈ మాట వింటే, ఎవరో ఇతని ముందు చికెన్ ప్లేటు పెట్టి బతిమాలుతున్నారనీ, ఇతను ససేమిరా అంటున్నాడనీ అనుకుంటారు. వాడు చెప్పాలనుకున్నది ‘నేను మాంసం తినను’ అని, అంతే. తెలుగులో ‘తినను’ అంటే ఎప్పుడూ తిననని అర్థం, రేపు తిననని కూడా అర్థం. వాడు రెండో అర్థాన్ని ఇంగ్లీష్‌లోకి దింపాడు.

ఇంగ్లీష్‌లో రేపటి గురించి చెప్పడం నేర్పాలంటే ఇలాంటి చోటే మొదలుపెట్టాలని నాకు ఆలస్యంగా తెలిసింది. మీరు బళ్ళో చెబుతున్నా, ఇంట్లో ట్యూషన్ చెబుతున్నా, స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు నడుపుతున్నా ఈ పద్ధతి పనికొస్తుంది. విద్యార్థులకి ‘ఐ గో’, ‘ఐ యామ్ గోయింగ్’ అనే రెండు రూపాలు వచ్చి ఉంటే చాలు. ముప్పావు గంట క్లాసులు ఏడెనిమిది పడతాయి.

ముందు చార్ట్ తీసేయండి

కొత్తలో నేను కూడా గోడకి పన్నెండు టెన్సుల చార్ట్ అంటించేవాణ్ణి. కింది వరసలో సింపుల్ ఫ్యూచర్, ఫ్యూచర్ కంటిన్యుయస్, ఫ్యూచర్ పర్ఫెక్ట్, ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ ఉండేవి. ‘విల్ ప్లస్ వి1, విల్ హావ్ ప్లస్ వి3’ అని అందరూ ఎక్కాల్లాగా అప్పజెప్పేవాళ్ళు. ఆదివారం ఏం చేస్తున్నావని అడిగితే మాత్రం ‘ఐ విల్ గో టు మై విలేజ్’ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. వచ్చే దారి కూడా లేదు. ఆ చార్ట్‌లో ‘గోయింగ్ టు’ లేదు, ‘ఐమ్ గోయింగ్ టుమారో’ లేదు, ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్’ లేదు.

ఇంగ్లీష్ క్రియకి జరిగిపోయినదానికి విడిగా రూపం ఉంది: గో, వెంట్. జరగబోయేదానికి అలాంటి సొంత రూపం లేదు. అందుకని ఆ భాష ఇరుగుపొరుగు మాటల్ని అరువు తెచ్చుకుంటుంది. కోరికని చెప్పే విల్, నడకని చెప్పే గోయింగ్, ఇప్పుడు జరుగుతున్నదాన్ని చెప్పే ఐఎన్‌జి, ఇలా. ఏది అరువు తెచ్చుకోవాలనేది పని ఎప్పుడు జరుగుతుందనేదాన్ని బట్టి ఉండదు. ఆ పని గురించి ఈ క్షణంలో మాట్లాడే మనిషి దగ్గర ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. ఖాయం చేసుకున్న ఏర్పాటు ఉందా? మనసులో అనుకున్నది మాత్రమేనా? కళ్ళ ముందు ఆనవాలు ఏదైనా కనిపిస్తోందా? లేక ఇప్పుడే, మాట్లాడుతూ మాట్లాడుతూ తేల్చుకున్నాడా?

తెలుగులో మనం వీటిని రోజంతా వేరువేరుగానే చెబుతుంటాం. వెళ్తున్నా, వెళ్దామనుకుంటున్నా, వెళ్ళబోతున్నా, సర్లే నేనే వెళ్తాలే. ఈ నాలుగింటికీ తేడా మీ విద్యార్థికి మూడేళ్ళ వయసునుంచీ తెలుసు. ఆ తేడాని ఇంగ్లీష్ రూపాలకి జతచేయడమే మీ పని.

మొదటి క్లాసు: రోజూ, రేపు

బోర్డు మీద రెండు తెలుగు వాక్యాలు రాయండి. ‘రోజూ ఐదింటికి లేస్తాను.’ ‘రేపు ఐదింటికి లేస్తాను.’ క్రియలో ఏం మారిందని అడగండి. ఏమీ మారలేదని వాళ్ళే చెబుతారు. మన భాషలో ఇది పాత సంగతే. కాలంతో పని లేకుండా ఒక మనిషి తీరునో వస్తువు తీరునో చెప్పే ‘చేయును’ లాంటి రూపాన్ని మన వ్యాకరణాలు తద్ధర్మం అన్నాయి. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయ సూరి కూడా ఆ మాటే వాడారు. ఇప్పటి మన ‘చేస్తాడు’ ఆ పనీ చేస్తుంది, రేపటి పనీ చేస్తుంది. ఒక్క చొక్కా, రెండు డ్యూటీలు.

ఇప్పుడు మొదటి వాక్యాన్ని ఇంగ్లీష్‌లోకి మార్పించండి. ‘ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్ డైలీ’ అని కనీసం ఒకరైనా అంటారు. అక్కడ ఆపి, రోజూ వరసలో విల్‌కి చోటు లేదని చెప్పండి: ‘ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్.’ రెండో వాక్యం ఎదురుగా ఖాళీ వదిలేయండి. ఎంత అడిగినా నింపకండి. ఆ ఖాళీ నాలుగో క్లాసు దాకా ఉండాలి. అది ఉన్నంతకాలం వాళ్ళకి కుతూహలం కూడా ఉంటుంది.

తర్వాత ‘కాదు’ వాక్యాలకి రండి. అసలు గొడవ అంతా ఇక్కడే ఉంది. తినను, తాగను, నమ్మను, చూడను, అప్పివ్వను. మీరు తెలుగులో ఒక్కో వాక్యం చెబుతుంటే, అలవాటైతే ఎడమ చెయ్యి, రేపటి సంగతైతే కుడి చెయ్యి ఎత్తమనండి. ‘మా నాన్న టీ తాగడు’ అంటే ఎడమ. ‘రేపు పెళ్ళికి రాను’ అంటే కుడి. ‘వాడు ఫోన్ ఎత్తడు’ అనగానే క్లాసు రెండుగా చీలిపోతుంది. చీలనివ్వండి. ‘ఎప్పుడూ ఎత్తడా, ఇప్పుడు చేస్తే ఎత్తడా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇంగ్లీష్ మాట్లాడే ముందు ఈ ప్రశ్న తమని తామే వేసుకోవడం అలవాటైతే, ‘ఐ వోంట్ ఈట్ నాన్‌వెజ్’ తనంతట తానే ‘ఐ డోంట్ ఈట్ నాన్‌వెజ్’ అయిపోతుంది.

రెండో క్లాసు: డైరీ

‘ఎల్లుండి తిరుపతి వెళ్తున్నాం’ అని మనం ఎప్పుడంటాం? టికెట్లు చేతికొచ్చాక, లేదా కనీసం ఇంట్లో ఖాయమయ్యాక. ఇంగ్లీష్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది: ‘వి ఆర్ గోయింగ్ టు తిరుపతి ఆన్ ఫ్రైడే.’ రూపం వాళ్ళకి ముందే వచ్చు, ఆలోచన తెలుగులో ఉంది. అందుకే విల్ కంటే ముందు దీన్ని చెప్పమంటాను. చాలా గ్రామర్ పుస్తకాలు విల్‌తో మొదలుపెట్టి దీన్ని చివర్లో ఒక చిన్న గమనికగా పెడతాయి. ఆ వరస నాకు నచ్చదు. విల్ ముందుగా నోటికొస్తే మిగతావాటికి చోటు ఇవ్వదు.

విద్యార్థులని జంటలుగా కూర్చోబెట్టండి. ఒక్కొక్కరికీ వారం రోజుల గళ్ళున్న కాగితం ఇవ్వండి. ఒకరి కాగితంలో ఒకలా, ఇంకొకరి కాగితంలో ఇంకోలా నాలుగైదు పనులు రాసి ఉండాలి: పళ్ళ డాక్టరు, క్రికెట్, రికార్డులు రాయడం, అత్తయ్యని స్టేషన్‌లో దించడం. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్ళడానికి ఒక సాయంత్రం దొరకాలి. మాటలు ఇలా నడుస్తాయి:

‘ఆర్ యూ ఫ్రీ ఆన్ థర్స్‌డే ఈవినింగ్?’
‘సారీ, ఐమ్ టేకింగ్ మై మదర్ టు ద డెంటిస్ట్.’
‘వాట్ అబౌట్ ఫ్రైడే?’
‘ఐమ్ ప్లేయింగ్ క్రికెట్ అంటిల్ సిక్స్. ఐమ్ ఫ్రీ ఆఫ్టర్ దట్.’

మధ్యలో ఎవరైనా ‘ఐ విల్ ప్లే క్రికెట్’ అంటే తప్పని అరవకండి. కాగితం మీద వేలు పెట్టి ‘ఇది రాసి ఉంది కదా, ఖాయమే కదా?’ అనండి. సర్దుకుంటారు.

ఏర్పాటు అంటే ఏమిటో వాళ్ళకి తెలియాలంటే పెళ్ళిని మించిన ఉదాహరణ లేదు. ముహూర్తం పెట్టారు, ఫంక్షన్ హాలుకి అడ్వాన్స్ ఇచ్చారు, శుభలేఖలు అచ్చయ్యాయి. అప్పుడు ‘మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్ ఇన్ ఫిబ్రవరి.’ ఇదే ‘మై సిస్టర్ విల్ గెట్ మ్యారీడ్ ఇన్ ఫిబ్రవరి’ అంటే జాతకం చూసి చెప్పినట్టుంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్పండి. టుమారో, ఆన్ ఫ్రైడే లాంటి మాట ఒకటి వాక్యంలోనో సందర్భంలోనో ఉండాలి. లేకపోతే ఇప్పుడే జరుగుతున్నట్టు వినిపిస్తుంది. రెండోది, మనిషి చేతిలో లేనిదాన్ని ఏర్పాటు చేయలేం. ‘ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో’ అంటే వానకి మనం అడ్వాన్స్ ఇచ్చామన్నమాట.

మూడో క్లాసు: స్టీలు గ్లాసు

ఇంటినుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చుకోండి. టేబుల్ అంచున, సగం బయటికి ఉండేలా పెట్టండి. ఏమీ మాట్లాడకుండా వేలితో మెల్లగా నెడుతూ ఉండండి. ముందు బెంచీవాళ్ళు ‘సార్, పడిపోతుంది!’ అంటారు. ఇంగ్లీష్‌లో అనమంటే ‘ఇట్ విల్ ఫాల్’ అంటారు. అప్పుడు మీరు ‘ఇట్స్ గోయింగ్ టు ఫాల్!’ అని, నిజంగానే పడేయండి. ఆ చప్పుడుతో పాటు ఆ వాక్యం కూడా చెవిలో ఉండిపోతుంది. నా క్లాసులో సొట్టలు పడ్డ గ్లాసు ఒకటి ఈ పనికే ఉంది.

కళ్ళ ముందు ఆనవాలు కనపడుతుంటే గోయింగ్ టు. మబ్బులు కమ్ముకొచ్చాయి, ఇట్స్ గోయింగ్ టు రెయిన్. స్కోరు చూస్తే చివరి ఓవర్‌లో ముప్పై కావాలి, వి ఆర్ గోయింగ్ టు లూజ్. తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ‘వాన పడబోతోంది’. ఇక్కడ ఒక చిన్న సరదా ఉంది, విద్యార్థులకి తప్పకుండా చెప్పండి. పడబోతోంది, చేయబోతోంది అనే మాటల్లోని ‘బో’ మన ‘పోవు’ అనే క్రియే. చేయ, పోవు కలిసి చేయబోవు అయింది. పోవడమంటే వెళ్ళడం, గోయింగ్. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు రేపటిని చెప్పడానికి ఒకే కాళ్ళు తెచ్చుకున్నాయి. ఇది విన్నాక గోయింగ్ టు వాళ్ళకి పరాయిగా అనిపించదు.

గోయింగ్ టుకి ఇంకో పని కూడా ఉంది: ఇంకా ఏర్పాటు కాలేదు గానీ మనసులో నిశ్చయమైపోయింది. ‘ఈ ఏడాది డ్రైవింగ్ నేర్చుకుందామనుకుంటున్నా’ అంటే ‘ఐమ్ గోయింగ్ టు లెర్న్ డ్రైవింగ్ దిస్ ఇయర్.’ డ్రైవింగ్ స్కూల్లో డబ్బు కట్టి, సోమవారం నుంచి రమ్మన్నాక ‘ఐమ్ స్టార్టింగ్ ఆన్ మండే.’ అనుకోవడం, ఖాయం కావడం. నిన్నటి డైరీకీ ఈ రోజు పాఠానికీ తేడా ఇదేనని చూపించండి. ఈ గీత అంత గట్టిదేం కాదు, చాలా చోట్ల రెండూ నడుస్తాయి. ఆ సంగతి దాచకండి.

వినడం కూడా నేర్పండి. సినిమాల్లో, ఇంటర్వ్యూల్లో అది ‘గొనా’ అయిపోతుంది. వాళ్ళు అలా పలకాల్సిన అవసరం లేదు. విన్నప్పుడు గుర్తుపడితే చాలు.

నాలుగో క్లాసు: టిఫిన్ సెంటర్లో విల్

ఇప్పుడు విల్‌ని తీసుకురండి. తరగతి గదిని టిఫిన్ సెంటర్ చేయండి. బోర్డు మీద ఇడ్లీ, పెసరట్టు, పూరీ, ఉప్మా అని రాయండి. ఒకరు సర్వరు, ఇద్దరు గిరాకీలు.

సర్వరు వచ్చి నిలబడ్డాడు. అప్పటిదాకా గిరాకీ ఏమీ అనుకోలేదు. బోర్డు వంక చూస్తూ ‘ఉమ్... ఐల్ హావ్ ఎ పెసరట్టు’ అంటాడు. నిర్ణయం ఆ ‘ఉమ్’లో పుట్టింది. అదీ విల్ చోటు. సర్వరు వెళ్ళాక స్నేహితుడు వచ్చి కూర్చుని నువ్వేం చెప్పావని అడిగితే ‘ఐమ్ హావింగ్ ఎ పెసరట్టు.’ ఆర్డరు వెళ్ళిపోయింది, ఏర్పాటు అయిపోయింది. అదే గిరాకీ ఇంట్లో బయల్దేరేటప్పుడే పెసరట్టు తినాలని గట్టిగా అనుకుని ఉంటే, దారిలో చెప్పే మాట ‘ఐమ్ గోయింగ్ టు హావ్ ఎ పెసరట్టు టుడే.’ పెసరట్టు ఒక్కటే, తినేవాడూ ఒక్కడే, తినే టైమూ ఒక్కటే. మారింది మనసులో ఆ పని ఉన్న దశ. మూడు జట్ల చేత ఆడించండి. ఈ ఒక్క ఆటలో గ్రామర్ పుస్తకంలోని పది పేజీలు అయిపోతాయి.

విల్‌కి మూలార్థం కోరడం. పాత ఇంగ్లీష్‌లో అది మామూలు క్రియ, ‘కోరుకొను’ అని అర్థం. ఆ వాసన విల్ పవర్‌లో ఉంది, మన వీలునామాలో కూడా ఉంది. పోయేముందు మనిషి కోరిక రాసిపెట్టే కాగితమే కదా. అందుకే సాయం చేస్తాననడం, మాటివ్వడం, ఒప్పుకోవడం అన్నీ విల్‌తో వస్తాయి. ‘ఇలా ఇవ్వండి బామ్మగారూ, నేను మోస్తా’ అంటే ‘ఐల్ క్యారీ దట్ ఫర్ యూ.’ ఇక్కడ ‘ఐమ్ గోయింగ్ టు క్యారీ దట్’ అంటే బామ్మగారు సంచీ గట్టిగా పట్టుకుంటారు. ‘ఎవరికీ చెప్పను’ అంటే ‘ఐ వోంట్ టెల్ ఎనీవన్.’

కోరిక సంగతి తెలిస్తే వోంట్ కూడా అర్థమవుతుంది. ‘బండి స్టార్ట్ అవ్వనంటోంది’ అని మనం బండికి కూడా మొండితనం అంటగడతాం. ‘ద బైక్ వోంట్ స్టార్ట్.’ అదే మాట, అదే విసుగు. అందుకే మేనేజరుకి ‘ఐ వోంట్ కమ్ టుమారో’ అని మెసేజ్ పెట్టొద్దని చెప్పండి. ‘రేపు రాను పో’ అన్నట్టు ఉంటుంది. ‘ఐ వోంట్ బి ఏబుల్ టు కమ్ టుమారో’ అనో, ‘ఐ కాన్ట్ కమ్ టుమారో’ అనో నేర్పండి.

మొదటి రోజు వదిలేసిన ఖాళీ గుర్తుందా? ‘రేపు ఐదింటికి లేస్తాను.’ ఇప్పుడు క్లాసునే నింపమనండి. రేపు పరీక్ష ఉందని నిన్నే అనుకున్నాడా? గోయింగ్ టు. నువ్వు ఇంత పొద్దెక్కి లేస్తావేంట్రా అని నాన్న తిడుతుంటే అప్పటికప్పుడు అన్నాడా? విల్. ఒకే జవాబు లేదని వాళ్ళు వాదించుకోవడం మొదలుపెడితే మీ పాఠం అందినట్టే.

పలుకుబడికి పది నిమిషాలు ఉంచుకోండి. మన పిల్లలు ‘ఐ విల్’ అని రెండు ముక్కలుగా, విల్ మీద బరువు వేసి అంటారు. అలా ఒత్తితే పంతం వినిపిస్తుంది. ‘ఐల్, యూల్, హీల్, వీల్’ అని కలిపి అనిపించండి. ఇంకా ముఖ్యమైనది వోంట్, వాంట్. ‘ఐ వోంట్ గో’కీ ‘ఐ వాంట్ టు గో’కీ అర్థం తలకిందులు. వోంట్‌లో ఓ సాగాలి, పెదవులు గుండ్రంగా ముందుకి రావాలి. అద్దం ముందు అనమనండి.

రైలు టైము

దీనికి సగం క్లాసు చాలు. టైమ్‌టేబుల్‌లో అచ్చయిన వాటికి మామూలు ప్రెజెంట్ సరిపోతుంది: ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’, ‘ద ఎగ్జామ్ స్టార్ట్స్ ఎట్ టెన్.’ మనం కూడా ‘బండి ఆరింటికి బయల్దేరుతుంది’ అంటాం కాబట్టి ఇబ్బంది ఉండదు. ఎవరి ఫోన్‌లోనైనా టికెట్ ఉంటే తెరిపించి లీవ్స్, అరైవ్స్ వాడుతూ చదివించండి. ఇక్కడ విల్ వాడినా కొంప మునిగేదేం లేదు, వదిలేయండి.

ఐదో క్లాసు, ఆరో క్లాసు: ‘వచ్చాక’కి, ‘వస్తాడో’కి తేడా

ఇక్కడ తొందరపడకండి. రెండు క్లాసులు కేటాయించండి, అవసరమైతే మూడు. ‘ఐ విల్ కాల్ యూ వెన్ ఐ విల్ రీచ్ హోమ్’, ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ నాట్ గో’ అనే వాక్యాలు ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళ ఈమెయిళ్ళలో కూడా కనిపిస్తాయి. పుస్తకంలో రూలు ఇలా ఉంటుంది: వెన్, ఇఫ్, ఆఫ్టర్, అంటిల్, బిఫోర్ తర్వాత విల్ రాదు. విద్యార్థి బట్టీ పడతాడు. వెంటనే ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ అనే వాక్యం కనపడుతుంది. అక్కడ వెన్ పక్కనే విల్ ఉంది, అదీ కరెక్టే. రూలు మీద నమ్మకం అక్కడితో పోతుంది.

తెలుగునుంచి వస్తే ఈ చిక్కు ఉండదు. బోర్డు మీద ఎడమవైపు ఇవి రాయండి: వచ్చాక, వచ్చినప్పుడు, వస్తే, వచ్చేదాకా, వచ్చేలోపు. కుడివైపు: ఎప్పుడు వస్తాడో, వస్తాడో రాడో. ఎడమవైపు మాటల్లో ఎవరు వస్తున్నారో కనపడుతోందా అని అడగండి. కనపడదు. నేను వచ్చాక, నువ్వు వచ్చాక, వాళ్ళు వచ్చాక, అన్నిటికీ వచ్చాకే. కుడివైపు క్రియ తోకలో మనిషి ఉన్నాడు: వస్తానో, వస్తావో, వస్తాడో. తోకలో మనిషి ఉంటే విల్ వస్తుంది, లేకపోతే రాదు. అంతే రూలు.

‘నాన్న వచ్చాక అడుగుతా.’ తోక లేదు: ‘ఐల్ ఆస్క్ వెన్ డాడ్ కమ్స్.’
‘నాన్న ఎప్పుడొస్తాడో తెలీదు.’ తోక ఉంది: ‘ఐ డోంట్ నో వెన్ డాడ్ విల్ కమ్.’
‘వాన పడితే ఆగిపోదాం.’ ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, లెట్స్ స్టే.’
‘వాన పడుతుందో లేదో ఎవరికి తెలుసు?’ ‘హూ నోస్ ఇఫ్ ఇట్ విల్ రెయిన్?’

గమనించారా, వచ్చాక, వచ్చినప్పుడు అనేవి చూడ్డానికి జరిగిపోయినట్టుంటాయి, అయినా రేపటికి వాడతాం. ‘రేపు నువ్వు వచ్చినప్పుడు’ అంటే ఎవరూ నవ్వరు. ముఖ్యమైన క్రియ ఒకటి రేపటి సంగతి మోస్తుంటే రెండోదానికి ఆ బరువు అక్కర్లేదని రెండు భాషలూ ఒప్పుకున్నాయి.

ఒక చోట మాత్రం కాలు జారుతుంది. కొందరు ‘ఎప్పుడు వస్తాడో అప్పుడు ఇస్తా’ అని చుట్టు తిప్పి ఆలోచిస్తారు. తోక ఉంది కదా అని విల్ పెట్టేస్తారు. అలాంటప్పుడు ముందు తెలుగులోనే ‘వచ్చినప్పుడు ఇస్తా’ అని మార్చుకోమనండి, తర్వాత ఇంగ్లీష్. చురుకైన విద్యార్థి ఎవరైనా ‘ఇఫ్ యూ విల్ వెయిట్ హియర్’ అని ఎక్కడో చూశానంటే, అది భవిష్యత్తు కాదు, ‘మీరు కాస్త ఉండగలిగితే’ అనే మర్యాద అనీ, పాత కోరిక అర్థమే అక్కడ పనిచేస్తోందనీ చెప్పండి.

రెండో రోజు గొలుసు ఆట ఆడించండి. ‘ఇఫ్ ఐ గెట్ ఎ జాబ్, ఐల్ బై ఎ స్కూటీ’ అని ఒకరంటే, ‘ఇఫ్ ఐ బై ఎ స్కూటీ, ఐల్ గివ్ మై సిస్టర్ ఎ లిఫ్ట్’ అని పక్కవాళ్ళు అందుకోవాలి. విల్‌తో వచ్చిన క్రియ తర్వాతి నోట్లో విల్ లేకుండా మొదలవుతుంది. మా బ్యాచ్‌లో ఉద్యోగంతో మొదలైన గొలుసు ప్రతిసారీ పదో మనిషికల్లా పెళ్ళికో ట్రాఫిక్ చలానాకో చేరుతుంది.

ఏడో క్లాసు: వచ్చి ఉంటాడు

ఇక చార్ట్‌లోని పెద్ద పేర్లకి రావచ్చు. పేర్లు చెప్పకుండా వెళ్ళడమే మంచిది. ‘రేపు ఈపాటికి రైల్లో కూర్చుని ఉంటా’ అంటే ‘దిస్ టైమ్ టుమారో ఐల్ బి సిటింగ్ ఆన్ ద ట్రెయిన్.’ ‘శుక్రవారంకల్లా పూర్తి చేసేసి ఉంటా’ అంటే ‘ఐల్ హావ్ ఫినిష్డ్ ఇట్ బై ఫ్రైడే.’ ‘ఈపాటికి ఊరు చేరి ఉంటాడు’ అనే మాట చూడండి. ఇది రేపటి సంగతి కానే కాదు, ఊహ. ఇంగ్లీష్ కూడా అలాగే అంటుంది: ‘హి విల్ హావ్ రీచ్డ్ బై నౌ.’ చేసి ఉంటా, చేరి ఉంటాడు అన్నచోట విల్ హావ్ అని గుర్తు పెట్టుకుంటే భయపడాల్సిందేమీ మిగలదు.

అయితే క్రియ కంటే ఎక్కువగా తప్పేది ‘కల్లా’ దగ్గర. ‘ఐల్ ఫినిష్ ఇట్ టిల్ ఫ్రైడే’ అంటారు. కల్లా అంటే బై, దాకా అంటే అంటిల్. ‘శుక్రవారం దాకా పనిచేస్తా’, ‘శుక్రవారంకల్లా ఇస్తా.’ ఈ రెండూ బోర్డు మీద పక్కపక్కన ఉంచండి.

షల్, ఇంకొన్ని చిల్లర సంగతులు

‘ఐ, వి’లకి షల్, మిగతావాటికి విల్ అనే రూలు ఇంకా కొన్ని గైడ్లలో ఉంది. 1653లో జాన్ వాలిస్ తను లాటిన్‌లో రాసిన ఇంగ్లీష్ వ్యాకరణంలో ఆ రూలు పెట్టారు. ఆయన అసలు గణితవేత్త. అనంతానికి మనం వాడే పడుకున్న ఎనిమిది గుర్తు కూడా ఆయనదే. ఆ గుర్తు నిలబడింది గానీ ఆ రూలుని ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు. షల్‌ని ప్రశ్నలకి దాచుకోమనండి. ‘టీ పెట్టమంటారా?’ అంటే ‘షల్ ఐ మేక్ టీ?’ ‘వెళ్దామా?’ అంటే ‘షల్ వి గో?’ అంటారా, దామా. ఇంతే నేర్పండి. పోటీ పరీక్షలు రాసేవాళ్ళుంటే రాజ్యాంగం మొదటి అధికరణం చూపించండి: ‘ఇండియా, దట్ ఈజ్ భారత్, షల్ బి ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్.’ అది జోస్యం కాదు, శాసనం.

ఇంగ్లీష్ పేపరు చదివేవాళ్ళకి హెడ్డింగుల్లోని ‘టు’ చెప్పండి. ‘సీఎం టు ఓపెన్ బ్రిడ్జ్ టుమారో’ అంటే తెరవనున్నారు అని. మన పేపర్ల ‘ప్రారంభించనున్న’కి అది సరిజోడు, మాట్లాడేటప్పుడు రెండూ వాడం. ‘అబౌట్ టు’ కూడా ఒక నిమిషంలో అయిపోతుంది: ‘నేనే ఫోన్ చేయబోతున్నా, నువ్వు చేశావు.’ ‘ఐ వాజ్ అబౌట్ టు కాల్ యూ.’

ఏది దిద్దాలి, ఏది వదిలేయాలి

అన్నీ దిద్దితే విద్యార్థి నోరు మూసుకుంటాడు. నేను మూడింటిని మాత్రం ఎప్పుడూ వదలను: అలవాటుకి విల్ వాడటం, తోక లేని చోట విల్ పెట్టడం, వోంట్‌ని వాంట్ అనడం. మొదటిది, మూడోది అర్థాన్నే మార్చేస్తాయి. రెండోది రాతలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గోయింగ్ టు ఉండాల్సిన చోట విల్ వచ్చిందంటే మాట మధ్యలో ఆపను. మీరు జవాబిచ్చేటప్పుడు సరైన రూపం వాడండి: ‘ఓ, యు ఆర్ గోయింగ్ టు జాయిన్ ఎ జిమ్? విచ్ వన్?’ వాళ్ళ చెవి అందుకుంటుంది.

ఖాళీలు పూరించే ప్రశ్నలు తయారుచేసేటప్పుడు జాగ్రత్త. ‘ఐ ____ మీట్ హిమ్ టుమారో’ అని ఇచ్చి, విల్ ఒక్కటే కరెక్టంటే అన్యాయం. సందర్భం రాయండి: అతనికి ఫోన్ చేసి టైమ్ తీసుకున్నారా, ఇప్పుడే అనుకున్నారా? సందర్భం లేని ఖాళీకి రెండు మూడు జవాబులు వస్తే అన్నిటికీ మార్కులు వేయండి.

చివరి క్లాసులో ఒక్కొక్కరూ ఫోన్‌లో ఒక నిమిషం వాయిస్ నోట్ రికార్డ్ చేయాలి: వచ్చే ఆదివారం గురించి స్నేహితుడికి చెబుతున్నట్టు. అందులో ఖాయమైన పని ఒకటి, అనుకుంటున్నది ఒకటి, స్నేహితుడికి ఇచ్చే మాట ఒకటి, ‘వచ్చాక’ ఒకటి ఉండాలి. మొదటి రోజు కూడా ఇలాంటి నోట్ ఒకటి తీసి ఉంచితే ఇంకా మంచిది. రెండూ వరసగా వినిపిస్తే వాళ్ళే నవ్వుకుంటారు.

క్లాసు అయ్యాక బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగి ‘సార్, ఐ విల్ గో అండ్ కమ్’ అనేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. మనకి వెళ్తాను అనడం అశుభం, వెళ్ళొస్తాను అనాలి. వాడు దాన్నే పొల్లుపోకుండా దించాడు. దాన్ని గ్రామర్‌గా దిద్దకండి, ఏ రూపమూ సరిపోదు. ‘సీ యూ టుమారో, సర్’ అనమనండి. మీరూ ‘సీ యూ’ అనండి.